పూసాఁ చిత్రం ముందు దెగా

నకలు అనే మాటకు మన కళాశాలల్లో మంచి పేరు లేదు. పరీక్షల రోజుల్లో ఆ మాట చెవినబడితే చాలు, పర్యవేక్షకుల కనుబొమలు ముడివడతాయి. కాని చిత్రకళా ప్రపంచంలో ఆ మాటకు వేరొక గౌరవమున్నది. అక్కడ నకలు చేయుట చౌర్యం కాదు, గురు శుశ్రూష. ఉర్దూ ఖుష్‌నవీసీ అభ్యసించిన వారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. ఉస్తాదు వ్రాసి ఇచ్చిన పంక్తిని ముందు పెట్టుకొని శాగిర్దు రోజుల తరబడి మష్క్ చేస్తాడు. అలిఫ్ నిటారుగా నిలిచేదాకా తరువాతి అక్షరం జోలికి పోడు. మన వీధిబడులలో పిల్లలు ఇసుకమీద ఓనమాలు దిద్దినదీ ఆ పద్ధతిలోనే. దిద్దగా దిద్దగా చేతికి జ్ఞాపకం వస్తుంది. ఆ తరువాతనే సొంత దస్తూరీ పుడుతుంది.

పందొమ్మిదవ శతాబ్దపు ఫ్రెంచి చిత్రకారులలో ఈ దిద్దుబాటును ఎడ్గార్ దెగా చేసినంత దీక్షతో చేసినవారు అరుదు. నాట్యకత్తెలను, గుర్రప్పందెములను, చాకలి స్త్రీలను చిత్రించినవాడుగా ఆయన పేరు లోకమంతటా తెలుసు. ఆధునికులలో ఆధునికుడని విమర్శకులు ఆయనను కొనియాడుతారు. అటువంటివాడు తన యౌవనంలో అత్యధిక భాగాన్ని పాతకాలపు చిత్రముల ముందు నిలబడి గడిపినాడు. ఆయన ఇతరుల కృతులను చూచి చేసిన ప్రతికృతులు, రేఖాచిత్రములతో కలిపి, ఏడువందలకు పైగా ఉన్నట్లు పరిశోధకులు లెక్కగట్టినారు. వాటిలో తలమానికమనదగినది పూసాఁ వేసిన సాబైను స్త్రీల అపహరణ చిత్రానికి ఆయన తైలవర్ణములలో చేసిన నకలు. ఈ వ్యాసంలో దెగా జీవితం చెప్పవలెనన్నది సంకల్పమైనా, ఆ నకలు దగ్గర కొంత ఎక్కువసేపు ఆగవలసి ఉంటుంది.

దెగా 1834 జూలై 19న పారిస్ నగరంలో జన్మించినాడు. తండ్రి ఆగస్టు బ్యాంకు వ్యాపారి; ఆయన తాత నేపుల్సులో స్థిరపడి ధనం గడించినవాడు. తల్లి సెలెస్టీన్ మూసాఁ అమెరికాలోని న్యూ ఆర్లియన్స్ నుండి వచ్చిన కుటుంబపు ఆడపడుచు. అయిదుగురు సంతానంలో ఎడ్గార్ పెద్దవాడు. పదమూడవ యేట, 1847లో, తల్లి మరణించినది. అప్పటినుండి తండ్రి నీడలోనే పెరిగినాడు. తండ్రి వడ్డీలెక్కలు చూచుకొనే మనిషే అయినా కళాభిరుచి గలవాడు. సంగీత గోష్ఠులు జరిపించేవాడు. చిత్రములు సేకరించే ధనికుల ఇండ్లకు కొడుకును వెంటబెట్టుకొని తీసుకొనివెళ్ళేవాడు. చిన్ననాడు ఆ ఇండ్ల గోడలమీద చూచిన పాత చిత్రములే దెగాకు మొదటి బడి అని చెప్పవచ్చు.

లూయీ లె గ్రాఁ అనే ప్రసిద్ధ పాఠశాలలో చదువు ముగియగానే, 1853 ఏప్రిల్‌లో, పద్దెనిమిదేండ్ల ఆ యువకుడు లూవ్ర్ మ్యూజియంలో నకళ్ళు వేసికొనుటకు అనుమతి పత్రం పొందినాడు. జాతీయ గ్రంథాలయంలోని ముద్రాచిత్రముల విభాగంలో కూడ అప్పుడే పేరు నమోదు చేసికొన్నాడు. పెద్ద కొడుకు న్యాయశాస్త్రం చదివితే బాగుండునని తండ్రి ఆశ. ఆ సంవత్సరమే న్యాయ కళాశాలలో చేరినాడు కాని అక్కడ ఎక్కువకాలం నిలువలేదు. తరువాత లూయీ లామోత్ వద్ద శిష్యరికం చేసి 1855లో ప్రభుత్వ కళాశాలలో ప్రవేశించినాడు. అదీ ఎన్నాళ్ళో సాగలేదు. ఆ యేడే ఆంగ్ర్ మహాశయుని దర్శించే భాగ్యం ఆయనకు కలిగినది. రేఖలు గీయవలసినదనీ, ప్రకృతిని చూచీ జ్ఞాపకం నుండీ గీస్తూనే ఉండవలసినదనీ ఆ వృద్ధుడు చేసిన ఉపదేశాన్ని దెగా జీవితాంతం మంత్రంవలె నిలుపుకొన్నాడు.

1856లో ఇటలీ ప్రయాణం. నేపుల్సులో తాత, ఫ్లారెన్సులో మేనత్త ఉండుటచేత ఆయనకు అది పరాయిదేశం కాదు. మూడేండ్లపాటు రోము, ఫ్లారెన్సు, నేపుల్సు తిరుగుతూ రాఫేల్, మైకెలాంజెలో, మాంటెన్యా వంటివారి కృతులను పుస్తకాల నిండా గీసికొన్నాడు. మేనత్త కుటుంబాన్ని చిత్రించుటకు అక్కడనే పూనుకొన్నాడు. బెలెల్లీ కుటుంబం అనే పేరుతో ప్రసిద్ధమైన ఆ చిత్రం పూర్తి అగుటకు చాల యేండ్లు పట్టినది. 1859లో పారిస్ తిరిగివచ్చినాడు.

అప్పటికి ఆయన వయస్సు ఇరవైఅయిదు. రేఖ చేతికి వచ్చినది. కాని రేఖ వేరు, తైలవర్ణం వేరు. ఒక ముఖాన్ని, ఒక మనిషిని చిత్రించుట వేరు, పదులకొద్దీ మనుష్యులను ఒకే రంగస్థలంమీద నిలిపి వారందరిచేత ఒక కథ చెప్పించుట వేరు. ఆనాటి ఫ్రాన్సులో చిత్రకారుడనిపించుకోవలెనంటే పురాణ చారిత్రక ఘట్టములను పెద్ద పటములమీద చిత్రించి ప్రభుత్వ ప్రదర్శనశాలలో వేలాడదీయించుకోవలెను. దెగా కోరిక కూడ అదే. సెమిరామిస్ రాణి బాబిలోను నగరం కట్టించుట, స్పార్టా దేశపు యువతీ యువకుల క్రీడలు, జెఫ్తా కుమార్తె కథ — ఇట్టి ఇతివృత్తములను ఎత్తుకొని ఒకదాని వెంట మరొకదానితో కుస్తీ పడుతున్న కాలమది. గుంపును కూర్చుట ఆయనకు కుదురలేదు. మూర్తులు విడివిడిగా అందంగా ఉండేవి. కలిపితే ఒకరి మాట మరొకరికి వినబడనట్లు నిలబడేవి. ఈ లోపానికి మందు వెదుకుతూ ఆయన పూసాఁ దగ్గరకు పోయినాడు.

నికొలా పూసాఁ 1594లో నార్మండీ ప్రాంతంలో పుట్టి, జీవితంలో అధికభాగం రోములో గడిపి, 1665లో అక్కడనే కన్నుమూసినాడు. ఫ్రెంచి చిత్రకళకు పితామహునిగా ఆయనకు పేరు. ఆయనయినా తల్లి కడుపులో విద్య నేర్చి పుట్టలేదు. రోము చేరిన కొత్తలో టీషియన్ చిత్రములు చూచి నకళ్ళు వేసినాడు. మిత్రుడైన ఒక శిల్పితో కలిసి ఆ చిత్రములలోని పిల్లలను మట్టితో మలచి చూచుకొన్నాడు. తరువాత స్వంత కూర్పులకు కూడ చిన్న చిన్న మైనపు బొమ్మలు చేసి, వాటికి గుడ్డలు చుట్టి, ఒక పెట్టెలో నాటకరంగంవలె నిలిపి, వెలుగు ఏ ప్రక్కనుండి పడితే నీడ ఎటు పోవునో పరీక్షించేవాడట. ఆయన చిత్రములలో ఎంత పెద్ద గుంపయినా గందరగోళం కనబడకపోవుటకు ఇదొక కారణం.

సాబైను స్త్రీల కథ రోమనుల పురాగాథ. రోమ్యులస్ కొత్తగా నగరం కట్టినాడు. అందులో మగవారే గాని ఆడవారు లేరు. ఇరుగుపొరుగు జాతులవారు పిల్లనిచ్చుటకు ఒప్పుకోలేదు. అంతట అతడు ఒక ఉత్సవం ఏర్పాటుచేసి పొరుగువారైన సాబైనులను కుటుంబసమేతంగా ఆహ్వానించి, అందరూ వేడుక చూస్తున్న సమయంలో సైగ చేసినాడు. సైనికులు ఒక్కుమ్మడిగా లేచి కన్యలను ఎత్తుకొనిపోయినారు. ఈ ఇతివృత్తాన్ని పూసాఁ రెండుసార్లు చిత్రించినాడు. మొదటిది ఇప్పుడు న్యూయార్కులో ఉన్నది. రెండవది 1637, 38 ప్రాంతంలో ఒక కార్డినలు కోసం వేసినది. అది కాలక్రమాన పదునాలుగవ లూయీ రాజు సేకరణలోనికి వచ్చి లూవ్ర్‌కు చేరినది. దెగా నకలు చేసినది ఈ రెండవదానిని.

ఎడమవైపున ఎత్తైన మెట్టుమీద రోమ్యులస్ తన ఉత్తరీయం ఎత్తి పట్టి నిలబడియుంటాడు. అదే సైగ. అతని క్రింద అంతా ప్రళయం. సైనికులు స్త్రీలను నేలమీదినుండి పైకెత్తుతున్నారు, ఆ స్త్రీల చేతులు ఆకాశంవైపు చాచియున్నవి, తండ్రులు పెనుగులాడుతున్నారు. వెనుక దేవాలయములూ భవనములూ మాత్రం ఏమీ ఎరుగనట్లు నిలువు గీతలతో, అడ్డ గీతలతో స్థిరంగా ఉన్నవి. మనుష్యులందరూ వంగి, ఒరిగి, పడిపోతుంటే కట్టడములొక్కటే కదలవు. కంటికి భయంకరమైన ఈ దృశ్యం మనసులో ఒక గణితంవలె అమరుతుంది. ఇందులో కొందరికి నిర్దయ కనిపించవచ్చు. ఈ వ్యాసకర్తకు సైతం ఆ రోమ్యులస్ ప్రశాంత ముద్ర కొంత కంటకంగానే తోచినది. కాని నేర్చుకొనదలచినవానికి ఇంతకంటె మంచి పాఠం దొరకుట కష్టం.

1861, 62 ప్రాంతంలో దెగా ఈ పనికి పూనుకొన్నాడు. పూసాఁ చిత్రం ఎత్తు సుమారు 159 సెంటీమీటర్లు, వెడల్పు 206. దెగా తన పటాన్ని కూడ దాదాపు అదే కొలతలో సిద్ధం చేసికొన్నాడు: ఎత్తు సుమారు 150, వెడల్పు 207. చిన్న కాగితంమీద సంగ్రహంగా గీసికొని పోవుట ఆయనకు అలవాటయిన పనియే. ఇక్కడ అట్లు చేయలేదు. మనిషి నిలబడితే భుజములదాకా వచ్చే పటాన్ని ముందు పెట్టుకొని, మూలచిత్రంలోని ప్రతి మూర్తినీ దాని పరిమాణంలోనే తిరిగి నిలబెట్టుటకు సాహసించినాడు. చిన్న నకలులో తప్పులు దాగుతాయి. పెద్ద నకలులో దాగవు.

తైలవర్ణ విధానం ఎరుగని పాఠకుల కోసం ఆ పని ఎట్టిదో ఇక్కడ కొంచెం చెప్పవలసియున్నది. నీటి రంగు నీరు ఆవిరి కాగానే ఆరిపోతుంది. అవిసె నూనెతో నూరిన రంగు అట్లు ఆరదు. నూనె గాలిలోని ప్రాణవాయువును గ్రహించి నెమ్మదిగా గట్టిపడుతుంది. దానికి రోజులు, మందపు పొరకు వారములు, అంతకు మించియు పడుతుంది. ఈ ఆలస్యమే తైలవర్ణానికి బలం. తడిగా ఉన్నంతసేపు ఒక రంగును మరొక రంగులోనికి మెత్తగా కలుపవచ్చు; ఆరిన తరువాత దానిమీద పలుచని పారదర్శకమైన పొర పూసి క్రింది రంగును లోపలినుండి వెలిగేటట్లు చేయవచ్చు. గాజుసీసాలోని షర్బతుగుండా వెలుగు చూచినప్పుడు కలిగే లోతు ఆ పొరవలన కలుగుతుంది. అయితే దీనికి ఒక నియమమున్నది. నూనె తక్కువైన పొరలు అడుగున, ఎక్కువైనవి పైన ఉండవలెను. ఈ వరుస తారుమారైతే పై పొర ముందు బిగిసి, అడుగుది తరువాత కదిలి, చిత్రం బీటలు వారుతుంది. అతుకుల తొందర పనికిరాదు. గోధుమరంగుతో పలుచగా మొదటి రూపరేఖ, దానిమీద వెలుగునీడల విభజన, అది ఆరిన పిదప అసలు రంగులు, వెలుగు తగిలే చోట్ల దళసరిగా, నీడలలో పలుచగా, చివరకు మెరుగుపూతలు. ఇదీ స్థూలంగా ఆనాటి చిత్రశాలల సంప్రదాయం.

చదివినంత సులభమైన సంగతి కాదిది. పుస్తకంలో చదివినవాడికి వరుస తెలుస్తుంది. ఎంత పలుచన, ఎంత దళసరి అన్నది తెలియదు. అది తెలియవలెనంటే పూర్ణమైన ఒక చిత్రం ముందు నిలబడి, దాని తొలి పొరనుండి తుదిపొరదాకా మళ్ళీ నడిచి రావలెను. మహాచిత్రకారుడు వదలిపోయినది పైపొర ఒక్కటే. అడుగున ఏమి జరిగినదో నకలు చేసేవాడు ఊహించి, తన పటంమీద పరీక్షించి, తప్పితే గీకివేసి మళ్ళీ మొదలుపెట్టవలెను. రోగిని చూడకయే నాడిని పట్టి రోగం చెప్పే హకీములకు గల నేర్పువంటిది ఇది.

పూసాఁ విషయంలో మరొక చిక్కుకూడ ఉన్నది. ఆయన పటాన్ని ముందుగా ఎర్రమట్టి ఛాయగల రంగుతో పూసి దానిమీద చిత్రించే అలవాటు కలవాడు. రెండువందల యేండ్లు గడచేసరికి పై రంగులు పారదర్శకమై ఆ ఎరుపు లోపలినుండి పైకి వచ్చి, నీడలు మరింత నల్లబడినవి. వార్నిషు పసుపుబారినది. ఇప్పుడు నకలు చేసేవాడు దేనిని నకలు చేయవలెను? కంటికి కనిపించే ముదిరిన చిత్రాన్నా, పూసాఁ కుంచె దించినప్పటి లేత చిత్రాన్నా? మొదటిది చేస్తే కాలం చేసిన మార్పులను గురువుకు అంటగట్టినట్లవుతుంది. రెండవది చేస్తే ఊహను నకలుగా చెలామణి చేసినట్లవుతుంది. లూవ్ర్‌లో కుంచె పట్టిన ప్రతివాడూ ఈ ప్రశ్నకు తనదైన జవాబు చెప్పుకోవలసిందే.

ఈ కష్టమంతా దేనికని అడుగవచ్చు. ఆనాడు జీవనోపాధికై నకళ్ళు వేసి అమ్ముకొనేవారు లూవ్ర్‌లో కోకొల్లలు. దేవాలయములకు, ధనికుల ఇండ్లకు వాటి అవసరం ఉండేది. మన హైదరాబాదులోని సాలార్ జంగ్ మ్యూజియంలో పాశ్చాత్య చిత్రముల గదులు చూచినవారికి అట్టి ప్రతికృతులు కొన్ని కంటబడియే ఉంటవి. దెగాకు డబ్బు అవసరం అప్పటికి లేదు. ఆయన వెదుకుతున్నది ఒక్క సంగతి: ఇంతమంది ఇన్నివైపులకు పరుగెత్తుతుంటే పటం ఎందుకు చెదరిపోవడంలేదు? ఒక చేయి పైకెత్తితే దానికి జవాబుగా మరొక చేయి ఎక్కడ లేచినది? నీలం ఇక్కడ ఉంటే అది మళ్ళీ ఎంత దూరాన పలికినది? ఒకరి వీపు, మరొకరి మోకాలు, వారిద్దరి నడుమ మిగిలిన ఖాళీ — ఆ ఖాళీకి కూడ ఒక ఆకారమున్నది. ఇవి చూచినంతమాత్రాన పట్టుబడేవి కావు. చేతితో నడిచి తెలిసికొనవలసిన దారులివి.

నకళ్ళ విలువను గురించి మాట వచ్చినది గనుక, మన ప్రాంతానికి సంబంధించిన ఒక సంగతి చెప్పకుండ ముందుకు పోలేము. నిజాం రాజ్యంలో ఉండిన అజంతా గుహలలో మేజర్ రాబర్ట్ గిల్ 1844 మొదలుకొని ఏండ్ల తరబడి శ్రమించి ఆ కుడ్యచిత్రములకు తైలవర్ణ ప్రతికృతులు వేసినాడు. వాటిలో పెక్కు 1866లో లండనులోని క్రిస్టల్ ప్యాలెస్ అగ్నిప్రమాదంలో బూడిద అయినవి. తరువాత బొంబాయి కళాశాల ఆచార్యుడు జాన్ గ్రిఫిత్స్ తన విద్యార్థులను వెంటబెట్టుకొని 1872 నుండి మళ్ళీ ఆ పనికి పూనుకొన్నాడు. గుహల చీకటిలో, గబ్బిలముల నడుమ, ఆ విద్యార్థులు జాతక కథలలోని జనసమూహములను తైలవర్ణములలో దించినారు. అందులోనూ చాలభాగం 1885లో లండనులోనే మరొక అగ్నిప్రమాదానికి ఆహుతి అయినది. కాని ఆ విద్యార్థుల చేతులకు అబ్బిన విద్యను ఏ అగ్నీ కాల్చలేదు. వారిలో ఒకడైన పెస్తన్‌జీ బొమన్‌జీ తరువాత పేరుపొందిన చిత్రకారుడైనాడు.

మళ్ళీ పారిస్‌కు వద్దాము. ఈ కాలంలోనే, లూవ్ర్‌లో వెలాస్కెజ్ చిత్రాన్ని చూచి దెగా నేరుగా రాగిరేకుమీద గీస్తుండగా, ఆ సాహసానికి ఆశ్చర్యపడి ఒక యువకుడు దగ్గరకు వచ్చి పలుకరించినాడు. అతడు ఎడ్వార్ మానే. పాత చిత్రముల సమక్షంలో ఏర్పడిన ఆ పరిచయం కొత్త చిత్రకళకు నాంది అయినది. వారి స్నేహంలో కలహములూ లేకపోలేదు. అది వేరే కథ.

పూసాఁ దగ్గర చేసిన శుశ్రూష ఫలం 1865లో బయటపడినది. ఆ యేటి ప్రభుత్వ ప్రదర్శనలో దెగా మధ్యయుగపు యుద్ధదృశ్యం అనే చిత్రం పెట్టినాడు. బోడి మైదానం, దూరాన తగులబడిన ఊరు, గుర్రములమీది విలుకాండ్రు నిరాయుధులైన నగ్న స్త్రీలపై బాణములు వేస్తున్నారు, కొందరు నేలకొరిగినారు. చూడగానే సాబైను స్త్రీలు జ్ఞాపకం వస్తారు. అవే ఎత్తిన చేతులు, అవే వంగిన నడుములు. కాని గురువు చిత్రంలోని కట్టడములను శిష్యుడు తీసివేసినాడు. సైగ చేసే రాజునూ తీసివేసినాడు. రాజు లేకపోవుటచేత ఇక్కడ హింసకు కారణం చెప్పేవాడే లేడు, సమర్థించేవాడూ లేడు. పూసాఁ చిత్రం ఒక రాజ్యం ఎట్లు పుట్టినదో చెపుతుంది. దెగా చిత్రంలో చచ్చిపోతున్నవారు తప్ప మరేమీ లేదు. నకలు చేసినవాడు గురువుకు బానిస అవుతాడనేవారికి ఈ రెండు చిత్రములనూ ప్రక్క ప్రక్కన పెట్టి చూపించవచ్చును.

ఆ ప్రదర్శనలో మానే చిత్రం ఒలింపియా గొప్ప అలజడి రేపినది. దెగా చిత్రం ఎవరి కంటా పడలేదు. ఇక ఆయన చారిత్రక చిత్రముల జోలికి పోలేదు. నూతన పారిస్ జీవితంవైపు తిరిగినాడు: పందెపు మైదానములు, నాటకశాలలు, నాట్య శిక్షణాలయములు, ఇస్త్రీ దుకాణములు. నాట్యశాల చిత్రములను శ్రద్ధగా చూచినవారికి ఆ బాలికల గుంపులో పూసాఁ కనబడకపోడు. ఒకతె చేయి చాచితే దూరాన మరొకతె మెడ వంచుతుంది. నడుమ ఖాళీ నేల. ఆ ఖాళీ అంతా లెక్కకు వచ్చినదే. యథాలాపంగా కంటబడినట్లు తోచే ఆ దృశ్యములు చిత్రశాలలో నెలల తరబడి కూర్చినవి.

1870 యుద్ధంలో జాతీయ రక్షకదళంలో చేరినప్పుడు తన కంటిచూపు లోపం ఆయనకు బయటపడినది. 1872, 73లో న్యూ ఆర్లియన్స్ వెళ్ళి బంధువుల పత్తి వ్యాపార కార్యాలయాన్ని చిత్రించినాడు. అదికూడ పద్నాలుగుగురు మనుష్యులున్న చిత్రమే. 1874లో తండ్రి మరణించినాడు. బ్యాంకు అప్పులలో మునిగియున్నదని అప్పుడు తెలిసినది. తమ్ముని అప్పులుకూడ తోడైనవి. కుటుంబ గౌరవం కాపాడుటకు ఇంటినీ సేకరించిన చిత్రములనూ అమ్ముకొని, నలుబదియవ యేట మొదటిసారిగా కుంచెమీద ఆధారపడి బ్రతుకవలసివచ్చినాడు. ఆ యేడే ఆరంభమైన ఇంప్రెషనిస్టుల ప్రదర్శనలు మొత్తం ఎనిమిదింటిలో ఏడింట పాల్గొన్నాడు. ఆ పేరు మాత్రం ఆయనకు గిట్టేది కాదు. ఆరుబయట కూర్చుండి అప్పటికప్పుడు చిత్రించే మిత్రులను ఎద్దేవా చేసేవాడు. మహాచిత్రకారులను మళ్ళీ మళ్ళీ నకలు చేసినవానికే ఒక ముల్లంగి దుంపను స్వయంగా చూచి గీసే యోగ్యత వస్తుందని ఆయన అభిప్రాయం.

ఆ అభిప్రాయం మాటలలోనే ఉండిపోలేదు. 1895లో గోగాఁ చిత్రములు వేలానికి వచ్చినప్పుడు, మానే ఒలింపియాను చూచి గోగాఁ చేసిన నకలును దెగా కొన్నాడు. 1897లో, తన అరవైమూడవ యేట, మిత్రుని కుమారుడైన ఎర్నెస్ట్ రువార్‌ను వెంటబెట్టుకొని మళ్ళీ లూవ్ర్‌కు పోయినాడు. మాంటెన్యా వేసిన ఒక దేవతల చిత్రాన్ని నకలు చేయిస్తూ, ముందు ఆకుపచ్చమట్టి రంగుతో అడుగుపొర వేసి దానిమీద పలుచని ఎర్రని పూతలు పూసే పాత పద్ధతిని పరీక్షించవలెనని ఆయన తలంపు. శిష్యుడు వేసిన పచ్చదనం మరీ లేత కాయ రంగుగా వచ్చి చూచేవారికి వింత అయినది. పాత ఆచార్యుల రంగుల రహస్యం లోకం పోగొట్టుకొన్నదని ఆయనకు చివరిదాకా దిగులే.

ఆ సంవత్సరములలోనే ఆయన జీవితంలో మరొక ఘట్టం ఉన్నది. దానిని దాటవేసి ఆయన చరిత్ర చెప్పుట న్యాయం కాదు. యూదుడైన సైనికాధికారి డ్రైఫస్‌పై దేశద్రోహ నేరం మోపి శిక్షించినప్పుడు ఫ్రాన్సు రెండుగా చీలినది. ఆ అధికారి నిర్దోషి అని తరువాత రుజువైనది. దెగా మాత్రం అతనికి విరోధులైనవారి పక్షం చేరి, యూదులను ద్వేషించి, చిన్ననాటి బడిలోని స్నేహితుడైన ల్యూదొవిక్ అలేవీ ఇంటికి పోవుట మానివేసినాడు. ఏండ్ల తరబడి వారానికొకసారి ఏ ఇంట భోజనం చేసినాడో ఆ ఇంటి గడప మరి తొక్కలేదు. వృద్ధుడైన పిసారో వంటి సహచరునితో కూడ సంబంధం తెంచుకొన్నాడు. మనుష్యుల మధ్య ఎంత దూరముంటే పటం నిలుస్తుందో అంత సూక్ష్మంగా ఎరిగిన కన్ను అది. పక్కింటి మనిషిని మాత్రం చూడలేకపోయినది.

చూపు తగ్గేకొద్దీ తైలవర్ణములు వదలి ఎక్కువగా పొడిరంగు కణికలతో పెద్ద పెద్ద చిత్రములు వేసినాడు. మైనంతో బొమ్మలు చేసినాడు. 1912లో తాను చిరకాలంగా ఉంటున్న ఇంటిని పడగొట్టుతుండగా ఖాళీ చేయవలసివచ్చినది. అటుతరువాత పని సాగలేదు. కర్ర ఊతగా పారిస్ వీధులలో ఒంటరిగా తిరిగేవాడు. వివాహం చేసికొనలేదు. 1917 సెప్టెంబరు 27న, మహాయుద్ధం సాగుతుండగా, మరణించినాడు. మోంమార్త్ర్ శ్మశానవాటికలో కుటుంబ సమాధిలో ఆయనను ఉంచినారు.

1918 మార్చిలో ఆయన సేకరించిన ఇతరుల చిత్రములను పారిస్‌లో వేలం వేస్తుండగా జర్మనుల ఫిరంగులు నగరంమీద గుండ్లు కురిపించుచుండినవి. లండను జాతీయ చిత్రశాల తరఫున కొనుగోలుకు వచ్చినవారిలో అర్థశాస్త్రవేత్త కీన్స్ కూడ ఉన్నాడు. తరువాత చిత్రశాలలోని ఆయన సొంత కృతుల వేలములు 1919 దాకా సాగినవి. సొరుగులనుండి, అటకలనుండి యౌవనకాలపు నకళ్ళు కట్టలకొద్దీ బయటపడినవి. వాటిని ఆయన ఎవరికీ చూపనూ లేదు, పారవేయనూ లేదు. పూసాఁ చిత్రానికి చేసిన పెద్ద నకలు ఇప్పుడు అమెరికాలోని పాసడీనా నగరంలో నార్టన్ సైమన్ మ్యూజియంలో ఉన్నది. మూలచిత్రం లూవ్ర్‌లోనే ఉన్నది.